పాయింట్ రెండు తీసెయ్యాలి

నేను ఒక మల్టీమీటరును. అబద్ధమాడతాను. కంగారుపడకండి, ఎంత ఆడతానో ముందే చెప్పి మరీ ఆడతాను. నాతోపాటు డబ్బాలో వచ్చిన మడత కాగితం మీద ఆ సంగతి అచ్చేసి ఉంది: చూపించిన విలువలో నూటికి ఒక వంతు, ఆ పైన చివరి అంకెలో మూడు, అటైనా ఇటైనా తేడా రావచ్చు. మీలో ఎవరైనా పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు గానీ, పంచాయితీలో సాక్ష్యం చెప్పడానికి వెళ్ళినప్పుడు గానీ "అయ్యా, నేను చెప్పేదాంట్లో ఇంత తేడా ఉంటుంది" అని కాగితం రాసి చేతిలో పెట్టారా? పెట్టలేదు కదా. అందుకే మీ ముందు నేను కాస్త రొమ్ము విరుచుకునే మాట్లాడతాను. ఏమీ అనుకోకండి.

ఆ కాగితం ఎవరూ చదవలేదనుకోండి, అది వేరే విషయం. చదివినా నూటికి వంతు అన్నది తలకెక్కుతుంది గానీ, చివరి అంకెలో మూడు అన్న ముక్క దగ్గర అందరూ ఆవులిస్తారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మీ ఇంటి ప్లగ్గులో పెట్టి రెండువందల ముప్పై వోల్టులు అన్నాననుకోండి, చివర మూడు అటైతే ఏంటి, ఇటైతే ఏంటి, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అదే నిరోధం ఒక ఓము కూడా లేని మోటారు చుట్టను కొలవమన్నారనుకోండి, అక్కడ నా చివరి అంకె అంటే ఓములో పదో వంతు. అలాంటివి మూడు తేడా వచ్చాయంటే కొలిచినదాంట్లో మూడో వంతు గల్లంతు. బస్తా బియ్యంలో గుప్పెడు తగ్గితే ఎవరూ అడగరు. కుంచెడు కాదు, గుప్పెడే వండుకునే ఇంట్లో గుప్పెడు తగ్గితే పొయ్యి మీద ఉట్టి ఎసరే మిగులుతుంది.

ఇది కాక నాకింకో గుణం ఉంది. నా చేతులనండి, మీరు లీడ్లంటారు, ఎర్రదొకటి, నల్లదొకటి. అవి కూడా తీగలే కాబట్టి వాటికీ కొంచెం నిరోధం ఉంటుంది. రెండు మొనలూ ఒకదానికొకటి ఆనిస్తే న్యాయంగా నేను సున్నా చూపించాలి. పాయింట్ రెండు చూపిస్తాను. అంటే నేను దేన్ని కొలిచినా అప్పటికే నా గుప్పిట్లో పాయింట్ రెండు ఉంటుందన్నమాట. తూకం వేసేముందు ఖాళీ తట్ట బరువు తీసెయ్యరూ, అలాగే దాన్నీ తీసెయ్యాలి. ఇంతకు మించి నాలో రహస్యమేమీ లేదు. ఇక నా కథ వినండి.

నేను పుట్టింది ఎక్కడో పెద్ద ఊరి శివార్లలో, ఒక చల్లటి గదిలో. అక్కడ మనుషులకన్నా మాకే మర్యాద ఎక్కువ. చేతులకి తొడుగులు వేసుకున్న ఒకావిడ నన్ను ఒక పెద్దమనిషిలాంటి యంత్రం పక్కన కూర్చోబెట్టి, అది ఎంతంటే నేనెంతంటున్నానో చూసి, నా డొక్కలో ఉన్న చిన్న స్క్రూని ఒక పిసరు తిప్పింది. "సరిపోతుంది" అని నా వీపున ఆకుపచ్చ చీటీ అంటించింది. బ్రహ్మాండంగా ఉంది అనలేదు, సరిపోతుంది అంది. ఎంతవరకు నమ్మాలో అంతవరకే నమ్మిన మొదటి మనిషి ఆవిడే. పేరు కూడా తెలియదు.

అక్కణ్ణించి ఒక పాలిటెక్నిక్ కాలేజీ ల్యాబులో పడ్డాను. అక్కడ సర్వమంగళ మేడం అని ఉండేవారు. సన్నటి మనిషి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినబడేది. "మీటరు చేతికివ్వగానే మోటారు మీద పడిపోకండర్రా. ముందు దాన్ని పలకరించండి" అనేవారు. పలకరించడమంటే రెండు మొనలూ ఆనించి, నా తెర మీద ఎంతుందో చూసి, పైకి చదవాలి. రెండు చేతులూ జోడించినట్టుంటుందని పిల్లలు దానికి మీటరు నమస్కారం అని పేరు పెట్టుకున్నారు. ఆవిడకి ఆ పేరు నచ్చి తనూ అదే అనేవారు.

ఆ పిల్లల్లో ఏడుకొండలని ఒకడు. చురుకైనవాడు. మేడం "ఎంతుంది?" అనడం పాపం, అందరికన్నా ముందు "పాయింట్ రెండు మేడం!" అని అరిచేవాడు. ఒకరోజు ఆవిడ నన్ను వాడి చేతిలోంచి లాక్కుని, "ఇప్పుడు చెప్పు, చూసి చెప్పావా, అలవాటు మీద చెప్పావా?" అన్నారు. వాడు తల గోక్కున్నాడు. "మీటర్లో తేడా ఉండటం తప్పు కాదు నాయనా. అది నిన్నటంతే ఉందనుకోవడం తప్పు" అన్నారు మేడం. వాడు బుద్ధిగా తలూపాడు. ఆ ఊపుడు చూస్తేనే నాకు అర్థమైపోయింది, మాట లోపలికి పోలేదని.

కొన్నేళ్ళకి ల్యాబులోకి కొత్త మీటర్లొచ్చాయి. నన్నూ నా ఈడువాళ్ళనీ ఒక చెక్కపెట్టెలో పోసి వేలం పాటలో పెట్టారు. ఆ పాటకి ఏడుకొండలు వాళ్ళ బావని వెంటేసుకుని వచ్చాడు. పెట్టెలో చెయ్యి పెట్టి కెలికి, మూల పగిలిన నా ఒళ్ళు చూసి గుర్తుపట్టాడు. "బావా, ఇది మా మేడం మీటరు!" అని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పైకెత్తాడు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

అలా ఆకివీడు రోడ్డు మీద ఉన్న మాణిక్యం మోటార్ వైండింగ్ వర్క్స్‌కి చేరాను. మాణిక్యం అంటే ఏడుకొండలు అక్క, ఆ బావ తాతారావు భార్య. కొట్టు పెట్టేటప్పుడు బోర్డు మీద ముందు బావ పేరుండాలా, బావమరిది పేరుండాలా అని ఇద్దరూ తెగ మొహమాటపడి, చివరికి ఇద్దరికీ కావలసిన మనిషి పేరు రాయించేశారు. ఊరికే పేరుకి కాదు, పని కూడా ముగ్గురిదీ. ఏడుకొండలు రాగితీగ తెస్తాడు, పనంతా అయ్యాక నాతో కొలుస్తాడు. మాణిక్యం చెక్క అచ్చు మీద తీగను లెక్కగా చుట్టి కాయిల్స్ చేస్తుంది. తాతారావు వాటిని మోటారు లోపల వరసగా చెక్కి ఉన్న గాళ్ళలో పరిచి, జాయింట్లు వేసి, దారంతో కుట్టేస్తాడు. ఆ తర్వాత నా వంతు. నేను సరే అన్నాక వార్నిష్ పోసి కొలిమి వేడిలో పెడతారు. వార్నిష్ పడి గట్టిపడ్డాక ఏదైనా తేడా ఉందని తెలిస్తే ఉలి పెట్టి చెక్కాల్సిందే. అందుకని ఆ కొట్లో నా మాటకి తిరుగులేదు.

చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులు. కరెంటు ఎగిరెగిరి పడినప్పుడల్లా ఎవరిదో ఒక మోటారు కాలి మా గుమ్మంలోకి వచ్చేది. పని తెమలక బావా బావమరుదులు పళ్ళేలు కొట్టుమీదికే తెప్పించుకుని తినేవారు. ఒకే గిన్నెలో చేపల పులుసు, మధ్యలో నేను. "ఒరే, ముక్కలన్నీ నువ్వే లాగేసేవు. మీటరెట్టి కొలవమంటావా?" అని తాతారావు, "నీ పొట్ట కొలవాలంటే ఈ మీటరు రేంజి చాలదు బావా" అని ఏడుకొండలు. మాణిక్యం వాళ్ళిద్దర్నీ చూసి నవ్వుతూ మజ్జిగ పోసేది. ఆ నవ్వుకోసమే వాళ్ళు మాటలు పెంచేవారని నా అనుమానం.

ఇక నమస్కారం సంగతి చెప్పాలి. ఏడుకొండలు దాన్ని మర్చిపోలేదండోయ్. రోజూ పొద్దున్నే స్నానం చేసి, గోడ మీదున్న అమ్మవారి పటానికి అగరువత్తి తిప్పి, నన్ను తీసి రెండు మొనలూ ఆనించి కళ్ళకద్దుకునేవాడు. కళ్ళు మూసుకునే! "పాయింట్ రెండు" అని పెదాలు కదిపి నన్ను బల్ల మీద పెట్టేసేవాడు. ఇక రోజంతా ఏది కొలిచినా నోటిలెక్కలో పాయింట్ రెండు తీసెయ్యడమే. నేను తెర వెలిగించి చూపిస్తూనే ఉన్నాను. మేడం చెప్పినదాంట్లో నమస్కారం మిగిలింది, చూడటం జారిపోయింది. భక్తికి లోటు లేదు, పాపం.

ఆ ఏడు దసరా వచ్చింది. మాణిక్యం కొట్టంతా కడిగి, సుత్తి దగ్గర్నుంచి చెక్క అచ్చు దాకా పనిముట్లన్నీ వరసగా పీట మీద పెట్టి, ఒక్కొక్కదానికీ గంధం రాసి కుంకుమ పెట్టింది. నా వంతు వచ్చింది. నుదుట బొట్టు పెట్టింది, చల్లగా ఉంది. తర్వాత నా లీడ్లు ఊడదీసి తుడిచింది. వాటి చివర నాలోకి దూరే పిన్నులుంటాయి, ఇత్తడివి, తళతళలాడుతుంటాయి. "వీటినెందుకు ఒదిలెయ్యాలి, కష్టమంతా వీటిదే కదా" అని వాటికీ నిండుగా గంధం రాసింది. ఎంత ప్రేమగా రాసిందంటే, నాకు అడ్డం చెప్పాలని కూడా అనిపించలేదు. పూజయ్యాక ఆ లీడ్లు అలాగే నాలో గుచ్చేశారు. గంధం లోపలే ఎండిపోయింది.

తర్వాత వారమంతా వోల్టుల పనే తగిలింది. వోల్టులు కొలిచేటప్పుడు నాలోంచి పారే కరెంటు పేరుకే, కాబట్టి ఆ గంధం అడ్డమే కాదు. అంతా మామూలే. ఓముల్లో మాత్రం నా గుప్పిట్లో పాయింట్ రెండు కాస్తా పాయింట్ ఏడయి కూర్చుంది. ప్రతి పొద్దుటా ఏడుకొండలు నన్ను కళ్ళకద్దుకున్నప్పుడల్లా నేను పాయింట్ ఏడు అని చూపిస్తూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని దండం పెట్టేవాడికి దేవుడే కనపడడు, నేనెక్కడ కనపడతాను?

అంతలో విజయరామరాజుగారి మోటారొచ్చింది. పదిహేను గుర్రాలది, కాలవలోంచి రొయ్యల చెరువుకి నీళ్ళు తోడేది. మాడి మసయిపోయింది. చెరువులో నీళ్ళు దిగిపోతున్నాయని, రొయ్యలు పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయని రాజుగారు గంటకోసారి ఫోను. ముగ్గురూ నడుం ఎత్తకుండా చేశారు. మాణిక్యం కాయిల్స్ చుట్టింది, తాతారావు పరిచి కుట్టాడు. వార్నిష్ డబ్బా మూత తీసి పెట్టుకుని నన్ను పిలిచారు. ఆ సైజు మోటారుకి ఒక్కో ఫేజుకి, అంటే లోపలి మూడు చుట్టల్లో ఒక్కోదానికి, పాయింట్ తొమ్మిది ఓములు రావాలి. ఇంచుమించు అంతే ఉంది కూడా, నేను ప్రమాణం చేసి చెబుతాను. కాని నా తెర మీద ఒకటి పాయింట్ ఆరు పడింది. గుప్పిట్లో ఉన్న పాయింట్ ఏడు కలిపితే అంతే మరి.

"బావా, ఇలా రా ఓసారి" అన్నాడు ఏడుకొండలు. "పాయింట్ రెండు తీసేస్తే ఒకటి పాయింట్ నాలుగు. మూడు ఫేజులూ అంతే."

తాతారావు చేతిలో దారం కింద పడేశాడు. "పాయింట్ తొమ్మిది కదరా రావాలి! సగానికి సగం ఎక్కువ చూపిస్తందా?"

"మళ్ళీ చూసేను. అంతే."

"తీగెక్కడ తెచ్చేవు?"

"ఎప్పుడూ తెచ్చేచోటే."

"ఎప్పుడూ తెచ్చే తీగేనా? లేపోతే తుక్కు కరిగించి తీసిన రాగి అంటగట్టేరా? మూడూ ఒక్కలాగే పెరిగినాయంటే జాయింటుది కాదు. జాయింటు పోతే ఒకటే పెరుగుద్ది. ఇది తీగే."

కల్తీ రాగికి నిరోధం ఎక్కువ, కాబట్టి తాతారావు అన్నదాంట్లో సగం సబబే. మూడూ ఒకేలా పెరిగాయంటే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లోనే దోషం ఉంటుంది. కాని మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి తీగ ఒక్కటే కాదు, నేను కూడా ఉన్నాను. ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. ఏడుకొండలు మొహం జేవురించింది.

"తీగే ఎందుకవ్వాలి బావా? చుట్లు ఎక్కువైనా మూడూ పెరుగుతాయి."

చుట్లు సగానికి సగం ఎక్కువైతే అసలు ఆ గాళ్ళలో తీగ పట్టదు. ఆ సంగతి ఏడుకొండలుకీ తెలుసు. కాని మాట తగిలిన మనిషి తిరిగి విసరడానికి చేతికందిందే తీసుకుంటాడు, బరువు చూసుకోడు. ఆ విసిరింది వెళ్ళి అచ్చు పక్కన కూర్చున్న మాణిక్యానికి తగిలింది. చుట్లు లెక్కపెట్టేది ఆవిడే.

"ఏంట్రా అంటన్నావు? మీ అక్క లెక్క తప్పిందంటావా?" అన్నాడు తాతారావు.

"నేనక్కనన్లేదు."

"ఇంకెవర్నన్నట్టురా? కాయిల్స్ చుట్టేది నీ బాబా? నా పెళ్ళాం చెయ్యి మీద మాటంటే ఊరుకోను."

"మరి నేను కల్తీ తీగ తెచ్చేనంటే ఊరుకోవాలా? ఇన్నేళ్ళు చేసిందానికి దొంగని కూడా అయ్యేనన్నమాట. సరే బావా. ఏలూరులో మావాడు రమ్మని ఎప్పణ్ణించో పిలుస్తన్నాడు. పోతాను. నువ్వూ నీ కొట్టూ చల్లగా ఉండండి."

"పోరా. పోయేవాణ్ణి కాళ్ళట్టుకుని ఆపుతానేంటి."

ఏడుకొండలు లోపలికి పోయి తన సంచీ తెచ్చుకున్నాడు. స్క్రూడ్రైవర్లు, స్పానర్లు అందులో పడేస్తున్నాడు. ఒక్కోటీ పడ్డప్పుడల్లా మాణిక్యం కళ్ళు మూసుకుంటోంది. తాతారావు కటింగ్ ప్లయరు తీసుకుని మోటారు ముందు గొంతుక్కూర్చున్నాడు. చుట్టంతా కోసేసి, వేరే తీగతో మళ్ళీ మొదలెట్టాలని. ఒక్క నొక్కు నొక్కాడంటే అయిపోతుంది. మంచి రాగి తుక్కయిపోతుంది, చెరువు ఎండుతుంది, తీగ కల్తీదని తేల్చి చెప్పినట్టే కాబట్టి ఏడుకొండలు మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు. ఒకే గిన్నెలో తిన్న మనుషులు, నా మూలంగా! నాకు నోరుంటే కొట్టు కప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. నా లోపలి బ్యాటరీ గుండె అయితే అప్పుడే ఆగిపోయి ఉండేది.

మాణిక్యం లేచి వచ్చి మోటారు బోలు మధ్యలో చెయ్యి పెట్టేసింది, ప్లయరు నోటి ముందే.

"తియ్యవే చెయ్యి" అన్నాడు తాతారావు.

"తియ్యను. కోస్తే ఇది కూడా కొయ్యండి. తమ్ముడు కల్తీ తెచ్చేడని మీరంటారు, నాకు లెక్క రాదని వాడంటాడు. మధ్యలో నేనేవైపోవాలండీ? బోర్డు మీద పేరు నాది రాసేరే, ఇద్దరిలో ఎవరు పోయినా ఆ బోర్డు నేనెక్కడ పెట్టుకోవాలి?" ఆవిడ ఏడుస్తుందనుకున్నారు, ఏడవలేదు. "ఒరే ఏడుకొండలూ, ఆ సంచీ కింద పెట్టు. పోతే పోదువుగాని, ముందు నా లెక్క ఎక్కడ తప్పిందో తేల్చి పో. ఆ మూల రైసుమిల్లోళ్ళ మోటారుంది కదా. దసరా ముందు చుట్టిందే, ఇదే సైజు. నా చేత్తోనే చుట్టేను. అప్పుడు పాయింట్ తొమ్మిదే అన్నావు. దాన్ని కొలువు. అప్పటి చుట్టుకీ ఇప్పటి చుట్టుకీ ఎంత తేడా వచ్చిందో నా కళ్ళతో చూడాలి."

మిల్లువాళ్ళు తిరుపతి వెళ్ళడంతో ఆ మోటారు వార్నిషంతా అయి, తళతళలాడుతూ మూలన ఉండిపోయింది. ఏడుకొండలు విసురుగా నన్ను తీసుకెళ్ళి దాని చివర్లకి ఆనించాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఒకటి పాయింట్ ఆరు.

రోడ్డు మీద పాలవ్యాను ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"అదేంట్రా" అన్నాడు తాతారావు, ప్లయరు చేతిలోనే ఉంది. "దానికి మొన్న పాయింట్ తొమ్మిదే కదా వచ్చింది? దానిదేమో వేరే రీలు తీగ. వార్నిష్ పడి గట్టిపడ్డ మోటారు మూలన కూర్చుని దానంతటదే పెరుగుద్దా?"

ఏడుకొండలు నా వైపు చూస్తున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత, నిజంగా చూస్తున్నాడు. గబగబా వెళ్ళి మాణిక్యం ఇస్త్రీపెట్టె తెచ్చి దాని ప్లగ్గుకి నన్ను ఆనించాడు. అది మా కొట్లోనే బాగుచేసింది, డెబ్భై ఓముల పైచిలుకుంటుందని అందరికీ తెలుసు. డెబ్భై పైచిలుకే చూపించాను. అంత పెద్దదాంట్లో అర ఓము కలిసినా ఎవరికి కనపడుతుంది చెప్పండి.

"పెద్దది బాగానే చెప్తంది" అన్నాడు మెల్లగా. "చిన్నవి రెండూ తేడా చెప్తంది. రెంట్లోనూ ఒకే తేడా." రెండు మొనలూ దగ్గరికి తెచ్చి ఆనించాడు. ఈసారి కళ్ళకద్దుకోలేదు, కళ్ళు విప్పి చూశాడు.

పాయింట్ ఏడు.

"బావా!"

"చూసేన్రా." తాతారావు ప్లయరు పక్కన పడేసి నా దగ్గరికి వచ్చాడు. నా నల్ల లీడు పట్టుకుని సర్రున లాగాడు. పిన్ను మీద పచ్చటి పెచ్చు. గోటితో గీకితే పొడి రాలింది. వాసన చూసి, మాణిక్యం వైపు తిరిగాడు. "ఏవేయ్, ఇది గంధవా?"

మాణిక్యం చెయ్యి ఇంకా మోటారులోనే ఉంది. పిన్ను చూసింది, మొగుణ్ణి చూసింది, తమ్ముణ్ణి చూసింది. "అయ్యబాబోయ్! దసరాకి... నేనే రాసేనండీ" అని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోటికడ్డం పెట్టుకుని భోరుమంది. ఇందాక ఆపుకున్నదంతా అప్పుడొచ్చింది. మగవాళ్ళిద్దరూ ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. తాతారావు తువ్వాలు అందించబోయి, దానికి గ్రీజుందని మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

పిన్నులు రెండూ గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలుతో తుడిచారు. అవి దూరే నా చిల్లులు కూడా శుభ్రం చేశారు. మొనలు ఆనిస్తే పాయింట్ రెండు. అప్పుడు మోటారు మీద పెట్టారు. రెండు ఫేజులకి ఒకటి పాయింట్ ఒకటి, మూడోదానికి ఒకటి పాయింట్ రెండు. తాతారావు నోరు తెరవబోయాడు, మూడోదానికి ఎక్కువుందేంటని. ఏడుకొండలు చెయ్యెత్తాడు. "ఆ చివరి అంకె మీటరు సొంతం బావా. దానిమీద మనం కొట్టుకోకూడదు." నా డబ్బా కాగితంలో ఉన్న ముక్క ఒక మనిషి నోటి వెంట వినడం నాకదే మొదటిసారి. సర్వమంగళ మేడం ఉంటే వాడి వీపు తట్టి ఉండేవారు. అంతకుముందు చెవి కూడా మెలిపెట్టి ఉండేవారు.

వార్నిష్ పోశారు, కొలిమిలో పెట్టారు, బిగించి ఆటోలో ఎక్కించారు. నన్నూ తీసుకెళ్ళారు. చెరువు గట్టు మీద మోటారు గర్రుమని తిరిగి, గొట్టంలోంచి నీళ్ళు దూకేసరికి విజయరామరాజుగారు లుంగీ పైకి కట్టి ఆ నీళ్ళలోనే నిలబడిపోయారు. "బతికించేర్రా నాయనా" అన్నారు. ఎవరిని అన్నారో తెలియదు, నేను మాత్రం నా ఖాతాలో వేసుకున్నాను.

తిరిగొచ్చాక కొట్లో సంచీ అలాగే ఉంది, మూతి తెరుచుకుని. స్పానర్లు సగం లోపల, సగం బయట. గోదారి జిల్లా మగవాళ్ళు క్షమాపణ అడగరండీ. అడగమంటే గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టు మొహం పెడతారు. తాతారావు బల్ల మీదున్న దారపు ఉండని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. ఏడుకొండలు నా లీడ్లు చుట్టి విప్పి మళ్ళీ చుడుతున్నాడు. మాణిక్యం గిన్నెలో పులుసు తెచ్చి మధ్యలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పేదాకా ఆవిడ గరిటె ముట్టుకునేలా లేదు.

చివరికి ఏడుకొండలే అన్నాడు, నా తెర వైపు చూస్తూ. "బావా, పొద్దున్న నేనన్నదాంట్లో పాయింట్ ఏడు తీసెయ్."

తాతారావు దారపు ఉండ ఆపాడు. "నేనన్నదాంట్లోనూ తీసెయ్ మరి." ఉండ పక్కకి నెట్టి అడిగాడు, "తీసేస్తే ఎంత మిగులుద్దిరా?"

"ఎంతేంటి బావా. ఎప్పుడూ ఉన్నదే."

మాణిక్యం గరిటె అందుకుంది. పెద్ద ముక్క తీసి తమ్ముడి పళ్ళెంలో వేసింది, తాతారావు గొణిగాడు, ఇంకో ముక్క ఆయన పళ్ళెంలో పడింది. సంచీలోని స్పానర్లు ఎవరు తీసి గోడకి తగిలించారో నేను చూడలేదు. తెల్లారేసరికి వాటి మేకులకి అవి ఉన్నాయి.

అది జరిగి చాలా దసరాలయ్యాయి. ఇప్పుడు కొట్లో నాకన్నా నాజూకైన మీటర్లున్నాయి, పాయింట్ తర్వాత ఇంకా రెండు అంకెలు చూపిస్తాయి. చూపించనివ్వండి. నా గుండ్రటి మీట మీద అక్షరాలు అరిగిపోయాయి, పగిలిన మూలకి టేపు చుట్టారు. అయినా పొద్దున్నే మొదట చెయ్యి పడేది నా మీదే. ఏడుకొండలు మొనలు ఆనిస్తాడు, కళ్ళు విప్పి చూస్తాడు, పైకి చదువుతాడు. లోపల కాయిల్స్ చుట్టుకుంటూ మాణిక్యం, "చూసి చెప్పేవా, అలవాటు మీద చెప్పేవా?" అని అడుగుతుంది. సర్వమంగళ మేడం మాట ఆవిడకి ఎవరు చెప్పారో చెప్పనక్కర్లేదు కదా. దసరాకి నాకు గంధం నుదుటి మీదే పెడుతుంది. పిన్నులకి ఉత్త దండం.

మీలో కూడా ఎంతోమంది వచ్చి ఈ బల్ల మీద చేతులానించి ఎదుటివాళ్ళని కొలిచి పోతుంటారు. వాడింత, వీడింత అని. వింటూ ఉంటాను. కొలిచేముందు మీ రెండు చేతులూ ఒకసారి ఆనించి చూసుకున్నారా అని అడగాలనిపిస్తుంది, నోరు లేదు కాబట్టి ఊరుకుంటాను. నా సంగతంటారా, నాకే దాపరికమూ లేదు. ఇవాళ నా తేడా పాయింట్ రెండు. రేపటిది మాత్రం రేపే అడగండి.